యూనిఫ్రాక్టర్‌కుక్: నల్లగా, లావుగా, మొండిగా

షాపుకొచ్చి ‘ఓల్డ్ ఇంగ్లిష్ ఫాంట్ పెట్టండి’ అని అడిగేవాళ్ళకు ఆ ఫాంట్ అసలు పేరు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. వాళ్ళ మనసులో ఉన్నది ఒక ఆకారం. న్యూయార్క్ టైమ్స్ పేపర్ నెత్తిన పేరు రాసిన తీరు, పాత ఇంగ్లిష్ బైబిల్ అట్ట మీది బంగారు అక్షరాలు, కాలేజీ సర్టిఫికెట్ మీద మొదటి మాట, హెవీ మెటల్ బ్యాండ్ టీషర్టు. వీటన్నిటికీ తల్లి ఒకటే, యూరప్‌లో పుట్టిన బ్లాక్‌లెటర్, అంటే వెడల్పు పాళీతో రాసిన లావుపాటి కోణాల అక్షరం. గోతిక్ అన్నా ఇదే. సర్టిఫికెట్లు, మెమెంటోలు, టీషర్టులు, బండ్ల మీద రేడియం స్టిక్కర్లు, అప్పుడప్పుడు షాపు బోర్డులు చేసుకునే నాలాంటి వాడికి ఈ ఆకారంతో పని పడుతూనే ఉంటుంది. చాలా ఏళ్ళుగా నేను దానికి వాడుతున్నది యూనిఫ్రాక్టర్‌కుక్ అనే ఉచిత ఫాంట్. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. ఒకటే మందం, బోల్డ్. ఇటాలిక్ లేదు, లైట్ లేదు, రెగ్యులర్ కూడా లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒకటి రెండు మాటల్ని పెద్దగా, దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనపడేలా పెట్టాలంటే డబ్బులు పెట్టకుండా దొరికే బ్లాక్‌లెటర్‌లలో దీన్ని మించింది నా చేతికి రాలేదు. మనుషుల పేర్లకు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. పేరాలకు పేరాలు దీంట్లో పెట్టాలనుకుంటే ఆ ఆలోచన మానుకోండి.

దీని వెనకున్న మనిషి గురించి కొంచెం. రుడాల్ఫ్ కోఖ్ అని జర్మన్ అక్షర చిత్రకారుడు. 1876లో న్యూరెంబర్గ్‌లో పుట్టాడు, 1934లో పోయాడు. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే ఉన్న ఆఫెన్‌బాఖ్‌లో క్లింగ్‌స్పోర్ అన్నదమ్ముల ఫౌండ్రీ ఉండేది, అంటే సీసంతో అచ్చక్షరాలు పోతపోసే కార్ఖానా. 1906 నుంచి కోఖ్ అక్కడ పనిచేశాడు. కాబెల్, నాయ్‌లాండ్ అనే పేరున్న ఫాంట్లు ఆయనవే. జురాసిక్ పార్క్ పేరు రాసిన లావుపాటి మొరటు అక్షరాలు గుర్తున్నాయా, అవి నాయ్‌లాండ్ ఆకారాలే. అంతకుముందే, 1910 ప్రాంతంలో, ఆయన గీసిన లావైన జర్మన్ అక్షరాల్ని మన కాలంలో పీటర్ వీగల్ అనే ఆయన కంప్యూటర్‌లోకి తెచ్చాడు. దాన్ని యూనిఫ్రాక్టర్ అనే ప్రాజెక్టువాళ్ళు తీసుకుని, అక్షరాలు వాటంతటవే కలిసేలా, యూనికోడ్‌కి తగినట్టు మలిచారు. అదే ఈ ఫాంట్. దీనికి మాగుంటియా అని అక్క కూడా ఉంది. అది సన్నం, పుస్తకం లోపలి పేజీలకు పనికొచ్చే రకం. మన పని బయట బోర్డు మీద కాబట్టి దాని జోలికి పోవట్లేదు.

ఫాంట్ ఎలా ఉందో తెలియాలంటే ఇంగ్లిష్ చిన్న ‘ఎన్’ ఒకదాన్ని స్క్రీన్ నిండా పెంచి చూడండి. రెండు లావుపాటి కాళ్ళు. మధ్యలో ఉన్న తెల్ల ఖాళీ ఆ కాళ్ళ కన్నా సన్నం. కాళ్ళ అడుగున తిన్నగా కోసేయకుండా కోణంలో తిప్పిన కొస, అక్కడ పాళీ ఆగి మళ్ళీ లేచిన గుర్తు. పక్కలు చూస్తే స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉండవు, పాళీని నొక్కి రాసినప్పుడు వచ్చే చిన్న వంపు ఉంటుంది. చాలా ఉచిత బ్లాక్‌లెటర్ ఫాంట్లు ఇక్కడే దొరికిపోతాయి. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి ట్రేస్ కొట్టినవి ఎక్కువ. వాటిని పెద్దది చేస్తే అంచులన్నీ గరుకుగా, నోడ్లు, అంటే గీతను పట్టి ఉంచే చుక్కలు, వందల్లో ఉంటాయి. యూనిఫ్రాక్టర్‌కుక్‌ని పది అడుగుల ఫ్లెక్స్ మీదికి పెంచినా అంచు శుభ్రంగానే ఉంటుంది. కర్వ్స్ చేశాక, అంటే అక్షరాల్ని ఉత్త గీతలుగా మార్చాక, స్టిక్కర్లు కోసే ప్లాటర్ మెషిను కూడా సాఫీగా కోస్తుంది.

ఈ రేడియం కటింగ్ దగ్గరే ఈ ఫాంట్ నా మనసు గెలుచుకుంది. మన దగ్గర కుర్రాళ్ళు కొత్త బండి కొనగానే ట్యాంక్ మీదో, వెనక నంబర్ ప్లేట్ పైనో ‘డాడ్స్ గిఫ్ట్’ అని రాయించుకుంటారు. అమ్మ కొనిపెడితే ‘మామ్స్ గిఫ్ట్’. ఇందులో సగం మందికి గోతిక్ అక్షరాలే కావాలి. ఎంఎస్ ఆఫీసుతో వచ్చే ఓల్డ్ ఇంగ్లిష్ టెక్స్ట్‌లో ఇది కోశారనుకోండి, పెద్ద ‘డి’ పొట్టలో, పెద్ద ‘జి’ లోపల వెంట్రుక మందం గీతలు నిలువునా దిగుతాయి. కాగితం మీద అవే అందం. రెండంగుళాల స్టిక్కర్‌లో కోసేసరికి ఆ గీత అర మిల్లీమీటరు కూడా రాదు. చుట్టూ ఉన్న అనవసరపు రేడియాన్ని పీకుతుంటే ఆ గీత దానితో పాటే లేచొస్తుంది. ఒకవేళ బతికినా ట్రాన్స్‌ఫర్ టేప్‌కి అంటుకుని బండి మీదికి దిగదు. దిగినా రెండు వాటర్ వాష్‌లకు పోతుంది. వారం తిరక్కుండా కస్టమర్ వచ్చి ‘అన్నా, డి లోపల గీత పోయిందే’ అంటాడు.

కోఖ్ గీసిన లావు అక్షరాల్లో ఆ బాధ చాలా తక్కువ. సన్నగీతలు లేవని కాదు, ఉన్నవి పొట్టిగా, రెండు లావు ముక్కల మధ్య ఆసరాగా ఉంటాయి. అదే రెండంగుళాల సైజులో ‘గిఫ్ట్’ కోస్తే చేతికి ముక్కలు ముక్కలుగా రాకుండా ఒక్కో అక్షరం గట్టిగా ఒకే ముక్కగా నిలుస్తుంది. పీకాల్సిన లోపలి బిట్లు కూడా తక్కువ. వందేళ్ళ తర్వాత ఎవడో బైకు ట్యాంక్ మీద కోస్తాడని కోఖ్ అనుకుని ఉండడు గానీ, సీసపు అచ్చులతో మామూలు కాగితం మీద గట్టిగా నొక్కి అచ్చేసినా నిలబడాలనే గీసి ఉంటాడు. ఆ గట్టిదనం ఇక్కడ కలిసొచ్చింది.

స్క్రీన్ ప్రింటింగ్‌లో కూడా ఇదే సంగతి. నల్ల టీషర్టు మీద తెల్ల ఇంకు వేసేటప్పుడు ముతక మెష్, అంటే పెద్ద కన్నాల జాలీ, వాడతాం, సన్నగీతలు దాంట్లో నిలవవు. ఈ ఫాంట్‌తో ఆ టెన్షన్ లేదు. కాకపోతే దీనికి తిరగబడే సమస్య ఒకటుంది. గీతలు లావు కాబట్టి లోపలి ఖాళీలు ఇరుకు. చిన్న ‘ఇ’ కన్ను, చిన్న ‘ఎ’ కడుపు ఇంకు కొంచెం ఎక్కువైనా పూడుకుపోతాయి. ఛాతీ మీద జేబు సైజులో లోగో వేయమంటే నేను వేరే ఫాంట్ చూపిస్తాను. వీపు నిండా వేసేదానికైతే కళ్ళు మూసుకుని ఇదే. ఎంబ్రాయిడరీకి ఇచ్చేటప్పుడూ అంతే, టోపీ ముందు భాగంలో పట్టే సైజులో దారం ఖాళీలన్నీ మింగేస్తుంది.

సర్టిఫికెట్ల మీద గోల్డ్ ఫాయిల్ కొట్టించేటప్పుడు దీని మందం బాగా పనికొస్తుంది. మెటల్ బ్లాక్ చేయించి వేడితో నొక్కితే ఫాయిల్ నిండుగా పడుతుంది, అక్షరం మధ్యలో చిరుగులు రావు. లేజర్ కటింగ్‌తో ఎండీఎఫ్, యాక్రిలిక్ మీద పేర్లు చేసేవాళ్ళకూ చెబుతాను, అక్షరాలు విరగవు. స్టెన్సిల్ చేయాలంటే మాత్రం ‘ఓ’, ‘డి’ లాంటి వాటి లోపలి ముక్కలు రాలిపోతాయి, వాటిని పట్టి ఉంచే సన్నటి బ్రిడ్జీలు మీరే గీసుకోవాలి.

ఇక చదవడం దగ్గరికి వద్దాం. గొడవంతా ఇక్కడే.

బ్లాక్‌లెటర్ పెద్దక్షరాలు ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్ళు అలంకరించుకున్నవి. ఫ్రాక్టూర్ అంటే బ్లాక్‌లెటర్‌లో జర్మన్ల రకం, ఆ సంప్రదాయంలో కొన్ని జతలు కవల పిల్లల్లా ఉంటాయి. కె కి, ఆర్ కి మొదటిసారి చూసేవాడికి తేడా తెలియదు. బి, వి అంతే. సి, ఇ అంతే. ఎన్ కూడా ఆర్ కి దగ్గరి చుట్టమే. ఐ, జె పాత జర్మన్ అచ్చులో దాదాపు ఒకటే ఆకారం. జర్మన్ భాషలో చదువుకున్నవాళ్ళకు మాట మొత్తం చూడగానే అర్థమైపోతుంది, తెలిసిన మాటే కదా. మన పేర్లకు ఆ సౌకర్యం లేదు. రవి, కవి రెండూ పేర్లే. కవిత అని బొటిక్ బోర్డు పెడితే దారిన పోయేవాళ్ళు ‘రవిత ఏంటి, కొత్తగా ఉందే’ అనుకుంటూ పోతారు. వంశీ బంశీ అవుతాడు. చిన్నక్షరాల్లో కూడా ‘వి’ చూస్తే ‘బి’ లా, ‘వై’ చూస్తే తోక ఉన్న ‘ఎన్’ లా, ‘కె’ చూస్తే ‘టి’ లా అనిపిస్తుంది. మన పేర్లను ఇంగ్లిష్‌లో రాస్తే ఈ వి, వై, కె లే ఎక్కువ పడతాయి. శ్రీకావ్య అనే పేరును ఈ అక్షరాల్లో పెట్టి, సంబంధం లేని మనిషికి చూపించి చదవమనండి, నేను చెప్పేది తెలుస్తుంది.

అందుకని మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. పైన ఉండే ‘సర్టిఫికెట్’ అనే మాట ఈ ఫాంట్‌లో, గ్రహీత పేరు మాత్రం మామూలు సెరిఫ్‌లో, అంటే కొసల్లో చిన్న గీతలుండే పుస్తకాల అక్షరాల్లో. మాట ఎలాగూ అందరికీ తెలిసిందే కాబట్టి మొదటి అక్షరం ‘సి’ నా ‘ఇ’ నా అని ఎవరూ ఆలోచించరు. పేరు అలా కాదు. తన పేరు తప్పు పడిందని స్టేజీ మీద పిల్లాడికి అనిపించకూడదు. ఫోన్ నంబరు, తేదీ, అడ్రసు కూడా దీంట్లో పెట్టను. అంకెలున్నాయి, చూడ్డానికి బాగున్నాయి కూడా. కానీ ఫోన్ నంబరు చదివి డయల్ చేసేవాడికి అందంతో పనేముంది?

అన్నిటికన్నా పెద్ద పాపం అన్నీ పెద్దక్షరాల్లో పెట్టడం. కస్టమర్లు పేరును వాట్సాప్‌లో క్యాపిటల్స్‌లో పంపుతారు, ఆపరేటర్ కాపీ కొట్టి ఫాంట్ మారుస్తాడు, అయిపోయింది. బ్లాక్‌లెటర్ పెద్దక్షరాలు మాట మొదట్లో ఒక్కటి నిలబడడానికే పుట్టాయి. వరసగా ఐదు నిలబెడితే ఒకదాని కొక్కెం ఇంకోదాని పొట్టలో గుచ్చుకుంటుంది, చదవడానికి ఏమీ మిగలదు. కుర్రాడు ‘క్యాపిటల్స్‌లోనే గంభీరంగా ఉంటుంది బ్రదర్’ అని పట్టుబడితే రెండూ పక్కపక్కన ప్రింటు తీసి, గది అవతలి గోడకు అంటించి చదవమంటాను. ఎక్కువసార్లు అక్కడితో వాదన తేలిపోతుంది. ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు. అప్పుడు వాళ్ళు అడిగినట్టే చేసిస్తాం, వ్యాపారం కదా.

అక్షరాల మధ్య దూరం పెంచడం కూడా దీనికి నప్పదు. నిలువు గీతలన్నీ సమాన దూరంలో వరసగా పడి పేజీ మీద ఒక నేతలా కనపడడమే ఈ రకం అందం. మధ్యలో గాలి పెడితే నేత విడిపోతుంది. రెండు వరసలుగా పెడితే వరసల మధ్య కూడా ఖాళీ తగ్గించండి, మామూలు ఫాంట్‌కి ఇచ్చే దానికన్నా బాగా తగ్గించండి, అప్పుడు ముద్దగా ఒకే నల్ల ఆకారంలా నిలుస్తుంది. ఫ్లెక్స్‌వాళ్ళకు ఇంకో మాట: దీనికి అవుట్‌లైన్, దాని మీద ఇంకో అవుట్‌లైన్, కింద షాడో వేయకండి. బయట వేసిన స్ట్రోక్ లోపలికీ పాకి ఉన్న కాస్త ఖాళీని పూడ్చేస్తుంది. పసుపు మీద ఎరుపు, దానికి తెల్ల అంచు, దాని చుట్టూ నలుపు, ఈ మర్యాదలన్నీ వేరే ఫాంట్లకు చేసుకోండి. నలుపు మీద తెలుపు గానీ, తెలుపు మీద నలుపు గానీ, ఒంటి రంగులో దీని బలం మొత్తం బయటపడుతుంది.

జర్మనీ సంగతి కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఇది అక్కడి అక్షరం. మనం అలంకారంగా వాడుకుంటున్నది వాళ్ళు వందల ఏళ్ళు బడి పుస్తకాల్లో, పత్రికల్లో, ఉత్తరాల్లో రోజూ చదివిన లిపి. 1450ల్లో మైన్స్ నగరంలో గూటెన్‌బర్గ్ అచ్చేసిన 42 వరసల బైబిల్ అక్షరాలు దీని పూర్వీకులే. ఆ తర్వాత 16వ శతాబ్దం మొదట్లో మాక్సిమిలియన్ చక్రవర్తి కొలువులో ఫ్రాక్టూర్ రూపం స్థిరపడింది. మిగతా యూరప్ మెల్లగా రోమన్ అక్షరాలకు మారినా జర్మన్లు 20వ శతాబ్దం దాకా దీన్ని వదల్లేదు.

ఈ ఫాంట్ పెట్టగానే ‘ఇది నాజీ ఫాంట్ కదా’ అనే ప్రశ్న ఒకటి వస్తుంది, ముఖ్యంగా విదేశాల్లో ఉన్న కస్టమర్ల నుంచి. నాజీలు మొదట్లో దీన్ని నెత్తిన పెట్టుకున్న మాట నిజం. కానీ 1941 జనవరి 3న నాజీ పార్టీ పెద్దల్లో ఒకడైన మార్టిన్ బోర్మన్ సంతకంతో ఒక సర్క్యులర్ వచ్చింది. ఈ అక్షరాలు యూదులవి, ఇక మీదట వాడకూడదు అని. ఆ మాట పచ్చి అబద్ధం. ఆక్రమించిన దేశాల్లో జనం ఈ లిపి చదవలేకపోవడం అసలు కారణమని చాలామంది చరిత్రకారులు అంటారు. తమాషా ఏంటంటే ఆ సర్క్యులర్ టైపు చేసిన లెటర్‌హెడ్ మీద పార్టీ పేరు అచ్చైంది ఆ అక్షరాల్లోనే. యుద్ధం అయ్యాక కూడా ఈ లిపి మళ్ళీ బడికి పూర్తిగా తిరిగి రాలేదు. బీరు సీసాల మీద, పాత హోటళ్ళ బోర్డుల మీద, పత్రికల పేర్లలో మిగిలింది. ఫ్రాంక్‌ఫుర్టర్ ఆల్గెమైన పత్రికైతే వ్యాఖ్యల శీర్షికల్ని కూడా 2007 దాకా ఇలాగే వేసేది, పత్రిక పేరు ఇప్పటికీ ఇదే తీరు. కాబట్టి ఫాంట్‌కి దోషం అంటగట్టక్కర్లేదు. అయితే జర్మనీలో చూసేవాళ్ళ కోసం చేసే పనిలో దేశం, జాతి, సైన్యం లాంటి మాటల్ని ఈ నల్ల లావు అక్షరాల్లో, ఎరుపు రంగుతో కలిపి పెట్టకపోవడం మంచిది. అక్కడి కుడి అతివాదులు ఆ కలయికను బాగా పాడుచేసి పెట్టారు.

జర్మన్ మాట రాసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. పాత పద్ధతిలో వాళ్ళకు ‘ఎస్’ రెండు రకాలు. మాట చివర, ముక్క చివర గుండ్రటిది. మొదట్లో, మధ్యలో పొడుగుది. పొడుగు ‘ఎస్’ చూడ్డానికి అడ్డగీత సగమే ఉన్న ‘ఎఫ్’ లా ఉంటుంది. ఫాంట్‌లో రెండూ ఉన్నాయి, కానీ ఏది ఎక్కడో మీరే చూసుకోవాలి. అక్కడ ఇండియన్ రెస్టారెంట్ పెట్టుకున్న మనవాళ్ళకు బోర్డు డిజైన్ చేసి పంపేవాళ్ళు ఇది గమనించాలి. హోటల్‌కి వాళ్ళు వాడే ‘గాస్ట్‌హౌస్’ అనే మాటలో మధ్య ‘ఎస్’ పొడుగు, చివరిది గుండ్రం. తిరగేసి పెడితే ఊళ్ళో పెద్దవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు. మనం ఇంగ్లిష్ మాటలకు వాడేటప్పుడు మాత్రం పొడుగు ‘ఎస్’ జోలికి పోవద్దు, ‘సన్’ కాస్తా ‘ఫన్’ అవుతుంది.

సి, హెచ్ పక్కపక్కన వచ్చినా, సి, కె పక్కపక్కన వచ్చినా ఈ ఫాంట్ వాటిని ఒకే అక్షరంగా కలిపేస్తుంది. జర్మన్ అచ్చులో అది నియమం. టీషర్టు మీద ‘రాక్’ అని పెట్టినప్పుడు చివరి రెండక్షరాలు అలా అతుక్కుంటే భలే ఉంటుంది. ఇది రావాలంటే సాఫ్ట్‌వేర్‌కి ఓపెన్‌టైప్, అంటే ఫాంట్‌లో దాచిన ఇలాంటి కలయికల్ని బయటికి తీసే పద్ధతి, తెలిసుండాలి. మేం డిజైన్లు చేసే కోరల్‌డ్రాలో ఎక్స్6 వెర్షన్ నుంచి ఆ సౌకర్యం ఉంది. ఇంకా కోరల్ 12తోనో, ఎక్స్3తోనో నడిపిస్తున్న షాపులు మన ఊళ్ళలో కావలసినన్ని. అక్కడ అక్షరాలు విడివిడిగానే వస్తాయి, పని ఆగదు గానీ ఆ సొగసు పోతుంది. పేజ్‌మేకర్‌వాళ్ళకు సరేసరి.

పోటీలో ఉన్నవాటి గురించి రెండు మాటలు. పిరాటా వన్ అని ఒకటుంది. బ్లాక్‌లెటర్‌ని స్క్రీన్ కోసం బాగా సులువు చేసి గీశారు. పేరు స్పష్టంగా చదవాలి, కానీ గోతిక్ వాసన రావాలి అన్నప్పుడు దానికే నా ఓటు. కాకపోతే నిండుదనం తక్కువ. గ్రెన్జ గోటిష్ సన్నం నుంచి లావు దాకా అన్ని మందాల్లోనూ దొరుకుతుంది, రోమన్‌కి బ్లాక్‌లెటర్‌కి మధ్యస్థంగా ఉంటుంది, వెబ్‌సైట్లవాళ్ళు తప్పకుండా చూడాలి. ఓల్డ్ ఇంగ్లిష్ టెక్స్ట్‌ని నేను పూర్తిగా వదిలేయలేదు. దస్తావేజుల మొదటి మాటకు, కాగితం మీద లేజర్ ప్రింటు తీసే సర్టిఫికెట్లకు అదే బాగుంటుంది, ఎందుకంటే అక్కడ బ్రిటిష్ తరహా కావాలి. కోఖ్ అక్షరం ఎంతైనా జర్మన్. ఇంకొంచెం కోపంగా, ఇంకొంచెం పల్లెటూరి బలంతో ఉంటుంది.

తెలుగుతో జత కట్టడం ఎలా అని తోటి డిజైనర్లు అడుగుతుంటారు. ఈ ఫాంట్‌లో తెలుగు లేదు, ఉండాల్సిన పనీ లేదు. ఈ అక్షరాలు వెడల్పు పాళీతో తోలు మీద రాసిన చేతివి. మనవి తాటాకు మీద ఘంటంతో గీసిన చేతివి, ఆకు చీలకుండా గుండ్రంగా తిరిగాయంటారు. ఈ రెండింటినీ ఒకే చూపుతో కలపాలని తెలుగు గుండ్రాల్ని కోణాలుగా కోసి ‘గోతిక్ తెలుగు’ తయారుచేసిన పోస్టర్లు అక్కడక్కడా కనపడుతుంటాయి. ‘ఠ’, ‘థ’, ‘ధ’ లకు తేడా పోయి, తలకట్టు మేకులా దిగి, వత్తులు ముళ్ళ కంపలా చుట్టుకుంటాయి. ఒక్క అక్షరం లోగోగా అయితే సరే, మాట మొత్తం వద్దు. నేను చేసేది సాదా పని. బరువు మాత్రం కలుపుతాను, ఆకారం కలపను. సిలికానాంధ్రవాళ్ళు ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన తెలుగు ఫాంట్లలో రామభద్ర ఉంది కదా, దాని మందం ఈ ఫాంట్ మందానికి చక్కగా సరితూగుతుంది. పైన కోఖ్ అక్షరాల్లో ఇంగ్లిష్ మాట, కింద రామభద్రలో తెలుగు, మిగతా వివరాలు మండలి అనే ఇంకో తెలుగు ఫాంట్‌లో. తెలుగుకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య చోటు తెలుగుని చూసి ఇవ్వాలి, ఇంగ్లిష్‌ని చూసి కాదు. సైజులో తెలుగుని రెండు మూడు పాయింట్లు పెంచితే కంటికి రెండూ సమానంగా ఆనతాయి.

చర్చి క్యాలెండర్లలో, క్రిస్మస్ కార్డుల్లో ఈ జత బాగా కుదురుతుంది. ‘మెర్రీ క్రిస్మస్’ అనే మాట ఈ అక్షరాల్లోనే చూడ్డం జనానికి అలవాటు, కింద తెలుగు వాక్యం సాఫీగా చదువుకుంటారు. పెళ్ళి శుభలేఖల్లో వద్దని చెబుతాను. వధూవరుల మొదటి అక్షరాలు రెండూ కలిపి మోనోగ్రామ్ చేయమని కొంతమంది ఇంగ్లిష్ కార్డులు చూసి అడుగుతారు. ఇంత లావు నల్లక్షరం పసుపు కుంకుమల కార్డు మీద పెడితే ఇంట్లో పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారు, వాళ్ళదే న్యాయం కూడా.

లైసెన్సు సంగతి. ఇది సిల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంది. డబ్బు తీసుకుని చేసే పనికి వాడుకోవచ్చు, టీషర్టు మీద వేసి అమ్ముకోవచ్చు, పీడీఎఫ్‌లో పెట్టి పంపొచ్చు. ఫాంట్ ఫైల్‌ని దానంతట దాన్నే అమ్మకూడదు, అంతే. ఆన్‌లైన్‌లో టీషర్టులు అమ్ముకునే కుర్రాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ‘ఫ్రీ ఫర్ పర్సనల్ యూజ్’ గోతిక్ ఫాంట్లు దింపుకుని వాడుతుంటారు. రేపు ఆ ఫాంట్ గీసినవాడు మెయిల్ పెడితే ఏం చేస్తారు? ఆ తలనొప్పి దీనితో లేదు.

వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ ఫాంట్‌లో 700 మందం, అంటే బోల్డ్, ఒక్కటే ఉంది. గూగుల్ ఫాంట్స్ లింకులో ఆ 700 రాయకుండా ఉత్త పేరు ఇస్తే అది 400 మందం, అంటే రెగ్యులర్, కోసం వెతుకుతుంది, దొరక్క ఫాంటే రాదు, పేజీ మీద మామూలు సెరిఫ్ కూర్చుంటుంది. ఫాంట్ పనిచేయట్లేదని తిట్టుకునే ముందు లింకు చూడండి. పేజీ రూపాన్ని రాసే సీఎస్‌ఎస్‌లో అక్షరాల మధ్య దూరం కొంచెం మార్చినా బ్రౌజర్ ఆ కలిసిన సి, హెచ్ లను విడగొట్టేస్తుంది. సీసపు అచ్చులు కూర్చే జర్మన్ కంపోజిటర్లైతే మిగతావన్నీ ఎడం చేసినా ఆ జతను మాత్రం విడదీసేవాళ్ళు కాదు. కాబట్టి దూరాన్ని సున్నా దగ్గరే ఉంచండి. 40 పిక్సెల్స్ కన్నా తక్కువ సైజులో ఫోన్ మీద పెట్టకండి. వర్డ్‌లో గానీ ఇంకెక్కడైనా గానీ దీన్ని ఎంచుకున్నాక బోల్డ్ బటన్ మళ్ళీ నొక్కే అలవాటుంటే మానుకోండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఉన్న లావు మీద ఇంకో పూత పూసి కళ్ళన్నీ మూసేస్తాయి. ప్రెస్సుకి పంపేముందు మాత్రం తప్పకుండా కర్వ్స్ చేసి పంపండి. అవతలివాళ్ళ సిస్టమ్‌లో ఈ ఫాంట్ లేకపోతే మీ గోతిక్ కాస్తా ఏరియల్ అయి తిరిగొస్తుంది.